మిల్లు కప్పు మీది ఆవిరి

మన్సా నాన్నకు,

మీ అబా రాసేది. ఇక్కడ పిల్లలు, అత్తయ్య, నేను కులాసా. మీ మోకాలి కుట్లు విప్పారని తెలిసి అత్తయ్య మనసు కుదుటపడింది. నాదే పడలేదు. నిన్న మీ అక్కయ్య ఇంటికి ఫోన్ చేసి, మీ గొంతు వినగానే పెట్టేశాను. ఈ ఉత్తరం కూడా నాలుగు ముక్కలు రాయడం, లేచి వాకిట్లోకి వెళ్లి రావడం.

మన్సా పరీక్ష సంగతి అడిగారు. పాసైంది. వానలు బాగానే ఉన్నాయి. పామాయిల్ గెలల లారీలు గేటు బయట దాకా నిలబడుతున్నాయి.

మిల్లు కప్పు మీది గొట్టంలోంచి మిగులు ఆవిరి పోతుంటే మేనేజరు బెంటిల్ గారు పడే బాధ మీకు తెలిసిందే. గెలలు ఉడికించగా మిగిలిన ఆ నీరసపు ఆవిరిని పట్టి మళ్లీ వాడుకునే యంత్రం కొందామన్నారు. ఎప్పట్లాగే ఆఫీసులో లెక్క నాకే అప్పగించారు. ధర తెప్పించి చూస్తే, పెట్టిన డబ్బు రావడానికి ఎనిమిదేళ్లు.

"ఊరికే వచ్చే ఆవిరేగా, పోనీండి" అన్నాడు స్టోర్సు క్వాన్సా.

"ఊరికే ఎక్కడిదయ్యా? బాయిలర్లో గింజల పెంకులు తగలేస్తేనేగా వచ్చేది. ఆ పెంకులు కొంటామని ఇటుక బట్టీవాళ్లు రోజూ తిరుగుతున్నారు" అన్నాను.

"అయితే ఏం చేద్దామంటావమ్మా?" అన్నారు బెంటిల్ గారు.

"మిగిలాక పట్టుకోవడమెందుకు సార్, మిగలకుండా చేద్దాం. నీళ్ల పంపును తిప్పే పాత టర్బైన్ వదిలే ఆవిరి వల్లే ఆ మిగులంతా. దాని బదులు కరెంటు మోటారు పెడదాం. తగలేయకుండా మిగిలే పెంకులు అమ్మిన డబ్బులోంచి కరెంటు బిల్లు కట్టినా, మోటారు ఖరీదు ఏడాదిలో వచ్చేస్తుంది."

అవును, మీరు నడిపే టర్బైనే. నోరు జారి అన్న మాట కాదు. మీరు గుర్తుండే అన్నాను.

శుక్రవారం దాన్ని ఆపేశారు. మొక్కజొన్న పిండి కెంకీ ముద్దలు అమ్మే ఎసున్ పెద్దమ్మ ఆకాశం వైపు చూసి, "ఏమే, పొగమబ్బు కనబడదు, మిల్లు మూసేశారా?" అంది. "లేదు పెద్దమ్మా" అని కెంకీ కట్టించుకుని వచ్చేశాను.

మీకు పెంకుల తూకం దగ్గర పని ఇస్తారట, జీతం తగ్గదట. కూర్చుని చేసేది, మోకాలికి మంచిదన్నారు బెంటిల్ గారు. ఆ మాట నేను మీతో అనను. ఆ యంత్రం చప్పుడు మారితే నోటి దగ్గరి ముద్ద వదిలేసి పరిగెత్తిన మనిషి మీరు.

ఇంకెవరో చెప్పకముందే నేనే చెబుదామని రాశాను. చేసింది తప్పో ఒప్పో జవాబు రాయకండి. ఏ బస్సుకు వస్తున్నారో రాయండి.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తూ,
మన్సా వాళ్లమ్మ