ఉప్పునీళ్ల ఇల్లు

నాయినా,

ఇయ్యాల నాకు కాలు నిలుస్తలేదు. వనపర్తిల మాకు ఇల్లు కుదిరింది. నువ్వు పోయినంక ఇంత సంబురం ఇదే.

జిల్లా అయినకాంచి ఈడ ఇండ్లకు ఎగబడుతున్నరు. ముందుగాల చూసిన రెండిండ్లు, నేనూ మీ అల్లుడూ ఆలోచన చేసేలోపే ఎవరో బయానా ఇచ్చి ఖాయం చేసుకున్నరు. ఇయ్యాల మూడోదానికి పోయేసరికి, వాకిట్ల అప్పటికే ఇద్దరు నిలబడి పోటీలు పడి రేటు పెంచుతున్నరు. ఎండకు గొంతెండితే కారుల నుంచి నీళ్ల సీసలు తెచ్చుకొని తాగుతున్నరు. అమ్మే ఆమె ఒక అవ్వ. లోపట గోడకు యేసు పటమున్నది.

కూలికి ఏ ఊరు పోయినా, డేరా ఏసే ముందు నువ్వు ఆడి నీళ్లు తాగి చూసేటోనివి. ఉప్పగుంటే ఇంకో జాగకు నడిపిస్తుంటివి. అది యాదికొచ్చి, "అవ్వా, జర నీళ్లియ్యి" అన్న. గిలాసల తెచ్చిచ్చింది. మొత్తం తాగిన.

అవ్వ నా దిక్కే చూసింది. "ఇల్లు చూడనీకి మస్తు మంది వచ్చిండ్రు బిడ్డా. నా చేతి నీళ్లు తాగింది నువ్వొక్కదానివే" అన్నది. వాళ్లు ఇంకింత పెంచుతమన్నా ఇనలేదు. మా బయానా తీసుకున్నది.

ఒక్క ముచ్చట నీకే చెప్తున్న. ఆ నీళ్లు ఉప్పు కషాయం. ఉమ్మితే అవ్వ చిన్నబుచ్చుకుంటదని మింగిన. నువ్వుంటే "ఈడొద్దు, నడువుండ్రి" అని డేరా ఎత్తిస్తుంటివి.

నేనైతే ఎత్తను నాయినా.

నీ బిడ్డ