ఆరు వారాల చీర

విశాఖపట్నం,
14-3-1999, ఆదివారం.

అమ్మకి,

మధులత నమస్కారాలు. ఇక్కడ నాన్న క్షేమం, నేను క్షేమం, వంటిల్లు కూడా దాదాపు క్షేమం. అక్కడ నువ్వూ, అక్కా, జయంత్ బావగారూ, ఇంకా పేరు పెట్టని ఆ లోపలి మనిషీ కులాసా అని నమ్ముతున్నాను. అక్కని డాక్టరు మంచం దిగొద్దన్నాడు గనక నువ్వు భిలాయ్ వెళ్ళావు గానీ, లేకపోతే ఈపాటికి అదే ఇక్కడికి పురిటికొచ్చి, నా గది ఆక్రమించి, నా చేత కాళ్ళు పట్టించుకుంటూ ఉండేది. ఆ లోటు కొంచెం తెలుస్తోందని చెప్పు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నీ ప్రశ్నలకి నువ్వడిగిన వరసలోనే జవాబులు రాస్తాను. లేకపోతే ఏదో దాటేశానని పట్టేస్తావు.

నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నారు. వేసుకునేదాకా నేను ఎదురుగా నిలబడుతున్నాను. "మీ అమ్మ నిన్ను కాపలా పెట్టి వెళ్ళిందా ఏంటి" అని విసుక్కుంటూనే మింగుతున్నారు. ఆవకాయ జాడీకి నేను తడి గరిటె తగలనివ్వలేదు. నాన్న తగలనిచ్చారు. పై పొర తీసేశాను, కింద బాగానే ఉంది. కిటికీలు పదకొండింటికే మూసేస్తున్నాను. బి.ఎడ్. ఎంట్రన్సు ఫారం తెచ్చి, నింపి, పంపేశాను కూడా. దాంతో పాటు బొమ్మల్లో పై చదువుకి ఎం.ఎఫ్.ఏ. ఫారం ఒకటి తెచ్చుకున్నాను. అది ఇంకా పంపలేదు. దానికి ఆఖరి సంవత్సరం చేసిన పని ఫోటోలు జత చెయ్యాలి. ఈ ఉత్తరం అసలు ఆ పని గురించే.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. రెండుసార్లు ఎస్టీడీ బూత్ దాకా వెళ్ళాను. ఆ అద్దాల గదిలో నిలబడి, బయట నలుగురు ఎప్పుడు పెట్టేస్తానా అని చూస్తుంటే, నేను చెప్పాల్సింది నోట్లోంచి రాలేదు. రెండుసార్లూ అక్క నడుంనొప్పి గురించి మాట్లాడి వచ్చేశాను.

మూడేళ్ళు నేను భీమిలి పడవలూ, రుషికొండ అలలూ వేశాను. నీకు నచ్చాయి. నువ్వు హాల్లో తగిలించినది ఇప్పటికీ నాన్న కేలండరు పక్కనే ఉంది. డిసెంబరులో మా గంగాధరరావు మాస్టారు నా బొమ్మలన్నీ నేల మీద వరసగా పరిపించి, ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళి, "బాగున్నాయమ్మా. ఇంతకీ మీ ఇల్లెక్కడ?" అన్నారు. వన్‌టౌన్, రేవు దగ్గర అన్నాను. "మరి ఆ ఇల్లు వీటిలో ఎక్కడా లేదే" అన్నారు. అంతే. ఇంకేం అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి నువ్వు కిటికీ ఊచలు తుడుస్తున్నావు. నీ చేతిలో తడిగుడ్డ ఒక పక్క ఎర్రగా, ఒక పక్క నల్లగా ఉంది. ఎరుపు ఇనుప ఖనిజం, నలుపు బొగ్గు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. కానీ గాలిలోనే ఇంత రంగు ఉంటే ట్యూబుల కోసం జగదాంబ సెంటరు దాకా ఎందుకు పోతున్నాను అని ఆ రోజే మొదటిసారి అనిపించింది.

తర్వాత జరిగిన గల్లంతు సగం నువ్వు చూసిందే. కాగితం తడిపి ఆరేస్తే చిరిగింది. కాన్వాసు మీద ధూళి నిలవలేదు. నాన్న తువ్వాలుకి ఫెవికాల్ పట్టిస్తే అది అప్పడంలా బిగుసుకుపోయి, ఆయన దాన్ని చంకలో పెట్టుకుని "దీంతో ఒళ్ళు తుడుచుకోవాలా, గోడ కట్టుకోవాలా" అని అడిగారు.

చివరికి దారి చూపించింది నువ్వే. నీకు తెలియదు. రైలెక్కే ముందు రోజు నూలు చీరలకి గంజి పెట్టి డాబా మీద ఆరేశావు. మన వీధిలో ఆడవాళ్ళెవరూ బట్టలు మంచి వైపు పైకి పెట్టి ఆరెయ్యరు కదా, పడే దుమ్మేదో లోపలివైపు పడుతుందని తిరగేస్తారు. ఆ రోజు తొందరలో ఒక చీర తిరగెయ్యడం మర్చిపోయావు. సాయంత్రానికి అది ఎర్రబారింది. "దీని మొహం మండ, గంజి పట్టుకున్నట్టు పట్టేసుకుందే దుమ్ముని" అంటూ మళ్ళీ నానబెట్టావు. నువ్వు తిడుతున్నావు, నేను నోరు తెరుచుకుని వింటున్నాను. గంజి. రెండు నెలలుగా నేను వెతుకుతున్నది మన వంటింట్లో రోజూ వార్చేస్తున్నదే.

నువ్వు వెళ్ళిన మర్నాడే మొదలుపెట్టాను. ఒక పాత తెల్లచీర గంజిలో ముంచి డాబా మీద తాడుకి కట్టాను. మొత్తం ఒకేసారి కాదు. వారానికి ఒక గజం మాత్రం గాలికి వదిలి, మిగతాదంతా ప్లాస్టిక్ షీటులో చుట్టేశాను. ఆదివారం ఆ గజం కప్పేసి తర్వాతి గజం విప్పడం. తెల్లవారుజామున మంచుకి గంజి మెత్తబడుతుంది, మధ్యాహ్నం రేవు మీంచి గాలి మళ్ళుతుంది, ధూళి పడుతుంది, ఎండకి గట్టిపడుతుంది. నేను చేసేదేమీ లేదు, కాకుల్ని తోలడం తప్ప. ఇవాళ్టితో ఆరు గజాలూ అయ్యాయి. నువ్వెళ్ళి ఆరు వారాలు.

అమ్మా, ఇంత రాశాను గానీ అది ఎవరి చీరో రాయలేదు. నువ్వు ఈపాటికే గమనించి ఉంటావు.

ఇనప్పెట్టె అడుగున దిండుగలీబులో చుట్టిన తెల్లచీర ఉంది. నాయనమ్మ పోయాక ఆవిడ చీరలు పంచిపెట్టి, గుర్తుగా ఒకటి దాచావనుకున్నాను. అంచు సన్నగా, వెలిసిపోయి ఉంది. మూల పసుపుగా ఉంటే పాత మరక అనుకున్నాను. నాయనమ్మ ఉంటే సంతోషించేది, ఆవిడకి నా బొమ్మలంటే ఇష్టం, అని నాకు నేనే చెప్పుకుని గంజిలో ముంచాను.

నాలుగో రోజు నూకాలు వచ్చింది. వారానికి రెండుసార్లు చేపలు తెచ్చే మన నూకాలే. కింద తలుపు కొట్టి కొట్టి, ఎవరూ పలక్కపోతే బుట్టతో సహా డాబా ఎక్కేసింది.

"ఏటి పాపా, సీర మీద సీమలకి బోయనం పెట్టినావేటి? ఎవురిదిది?"

"మా నాయనమ్మది" అన్నాను.

నూకాలు బుట్ట దించి, చెయ్యి తన చీరకి రెండుసార్లు తుడుచుకుని, కొంగు మూల పట్టుకుని చూసింది.

"ముసలమ్మ తెల్లసీరకి పసుపెందుకుంటాదే? ఇదిగో, ముడేసిన కాడ నలిగింది సూడు. మీ అమ్మగోరి మదుపరకం ఇది. సచ్చినోళ్ళ సీరకీ పెళ్ళి సీరకీ తేడా తెలీకుండా ఏటి సదివినావు నాలుగేళ్ళూ?"

దింపేస్తానన్నాను. "దింపీ. అమ్మగోరొచ్చినాక నానేటి సెప్పనులే" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇక్కడిదాకా జరిగింది పొరపాటు. నీ దగ్గర దాచింది ఇది కాదు. నూకాలు వెళ్ళాక నేను దాన్ని దింపలేదు. ఆ రోజే దింపి ఉతికి ఉంటే తెలుపు తిరిగి వచ్చేదేమో. తాడు ముడి మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను, తర్వాత చెయ్యి తీసేశాను. మొదటి నాలుగు రోజులు తెలియక చేశాను. మిగతా ముప్ఫై ఎనిమిది రోజులు తెలిసే చేశాను.

ఎందుకంటే ఏం చెప్పను? నాయనమ్మది అనుకున్నప్పుడు అది నాకు గుడ్డ. నీది అని తెలిశాక దాని వైపు చూడ్డమే మారిపోయింది. తణుకు నుంచి పెళ్ళికూతురివై ఈ వీధిలోకి వచ్చినప్పట్నుంచీ నువ్వు రోజూ పొద్దుటా సాయంత్రం ఈ ధూళిని తుడుస్తూనే ఉన్నావు. నువ్వు తుడవకపోతే ఎంత ఉండేదో ఎవరికీ తెలియదు, నీక్కూడా. అది కనబడాలంటే నువ్వు తుడవని చోటు ఒకటి ఉండాలి. నాకు దొరికింది ఇదొక్కటే. ఇది సమర్థించుకోవడంలాగే ఉంది, రాస్తుంటే నాకే తెలుస్తోంది.

నాన్న రెండో ఆదివారం టీ గ్లాసు పట్టుకుని పైకి వచ్చారు. చూసిన వెంటనే గుర్తుపట్టారు. "అది దాని పెళ్ళిచీర కదే" అన్నారు. అవునన్నాను. తిడతారేమో అని ఎదురుచూశాను. గ్లాసు పిట్టగోడ మీద వదిలేసి దిగిపోయారు. అయిదో వారం మళ్ళీ వచ్చి, షీటు తియ్యమని, గజం గజం వేలితో చూపిస్తూ చదవడం మొదలుపెట్టారు. "ఇది మొదటి వారం, ఖనిజం ఓడలు రెండు ఒకేసారి నిండాయి, నాకు ఓవర్‌టైం పడింది చూడు. ఇక్కడ పల్చబడిందే, ఆ వారం మా క్రేన్ రిపేరులో ఉంది. ఈ నలుపు బొగ్గు ఓడది." నేను తేదీలు రాసుకున్న పుస్తకం తెచ్చి సరిచూశాను. ఒక్కటీ తప్పలేదు. ఇరవయ్యేడేళ్ళు క్రేన్ నడిపిన మనిషి, తన పని ఎప్పుడూ ఇలా కళ్ళెదుట చూసుకోలేదట.

అప్పుడే ఇంకోటి కూడా చెప్పారు. "దీని జత, నా పంచె ఏమైందో అడుగు మీ అమ్మని. మీ అక్క సూర్యకళ పుట్టినప్పుడు చించి పొత్తిగుడ్డలు చేసింది. అదేంటే అంటే, పసిదాని ఒంటికి ఇంతకంటే మెత్తటి గుడ్డ ఎక్కడ తెస్తారు అంది." నవ్వారు. నన్ను కూడా నవ్వించాలనే చెప్పారు. కానీ అమ్మా, నేను దాన్ని నీ మీదకి వాదనగా తేవడం లేదు. ఆ పంచె మీ ఇద్దరిదీ. ఈ చీర నాది కాదు, నేను అడగలేదు. మీరే అమ్మకి రాయండి నాన్నా అంటే, "నేను రాయను. చేసింది నువ్వు, రాసేదీ నువ్వే" అన్నారు.

నూకాలు మాత్రం ఇప్పుడు చేపలు అమ్మకపోయినా డాబా ఎక్కుతోంది. మొన్న "ఈ వారం నలుపు బాగా నేదే, పోయినోరమే బాగుంది" అని తీర్పిచ్చింది. "అమ్మగోరు సంపేత్తాది నిన్ను" అని కూడా అంటుంది, ప్రతిసారీ.

శుక్రవారం గంగాధరరావు మాస్టారు ఇంటికి వచ్చి చూశారు. ఆరు గజాలూ గోడ పొడుగునా విప్పి పట్టుకున్నాం, నాన్నొక చివర, నేనొక చివర. మాస్టారు అటూ ఇటూ మూడుసార్లు నడిచారు. పసుపంటిన కొంగు మూల దగ్గర ఆగి, "ఎవరిదమ్మా?" అన్నారు. మా అమ్మది అన్నాను. "ఆవిడకి తెలుసా?" ఇంకా లేదన్నాను. "ఆవిడకి తెలియకుండా ఇది మన కాలేజీ ప్రదర్శన హాల్లోకి రాదు. ఆవిడ సరే అంటే మాత్రం, మధులతా, ఈ నాలుగేళ్ళలో నువ్వు మొదటిసారి మీ ఇల్లు వేశావు" అన్నారు. ఆ మాట విని సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియక టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయాను.

ప్రదర్శన ఏప్రిల్ పన్నెండున. జాబితా అచ్చుకి వెళ్ళేది అయిదున. నీకు అబద్ధం చెప్పను, ఉతికినా ఎరుపు మొత్తం పోదు, లేత గోధుమరంగు నిలిచిపోతుంది. నీ పెట్టెలో నువ్వు పెట్టిన తెలుపు నేను తిరిగి తేలేను. అది నీ దగ్గర తీసేసుకున్నాను, క్షమించమని అడుగుతున్నాను. చూపించడం మాత్రం ఇంకా జరగలేదు. అది నీ చేతిలోనే ఉంది. నువ్వు వద్దంటే దుప్పట్లతో మళ్ళీ మొదలుపెడతాను. రెండు గంజిపెట్టి పైన కట్టేశాను కూడా. పరీక్షలో గట్టెక్కుతాను, దానికి బెంగపడకు.

బొమ్మ కింద చిన్న కార్డు ఒకటి అంటిస్తారు. ఎవరు చేశారు, దేంతో చేశారు అని. అందులో గంజి అని రాశాను, రేవు ధూళి అని రాశాను. గుడ్డ అన్నచోట ఖాళీ వదిలాను. ఆ ఒక్క మాటా నువ్వు పోస్టుకార్డు మీద రాసి పంపు, ఇంకేం రాయక్కర్లేదు. "చీర" అని రాస్తే ఆ రోజే ఉతికి, ఇస్త్రీ చేసి, ఎంత తెలుపు మిగిలితే అంత తెలుపుతో పెట్టెలో పెట్టేస్తాను, మళ్ళీ ఎప్పుడూ ఎత్తను. "మధుపర్కం" అని రాస్తే గోడకి ఎక్కిస్తాను.

ఇట్లు,
నువ్వు ఏ మాట రాసినా నీ చిన్న కూతురు,
మధు.