సందర్శకుల పుస్తకంలో బార్నబాష్

జనవరి 9
శ్రీమతి బోదోలాయి ఎటెల్కా గారికి,
మీ పొరుగున శింకొ గారి బాతుల ఫారంలో బర్డ్ ఫ్లూ తేలింది. కనుక మీ నాలుగు వేల పెద్దబాతులనూ షెడ్లు దాటనివ్వకూడదు. గేటు దగ్గర మందునీళ్ల తొట్టి పెట్టాలి. వచ్చినవారి పేరు, వేళ, పని పుస్తకంలో రాసి పంపాలి. ఎవరినీ వదలకూడదు.
ఇట్లు,
డాక్టర్ హర్షాని వెండెల్,
జిల్లా పశువైద్యాధికారి
తా.క.: ఇది అందినట్టు మూడు ప్రతుల మీద సంతకం చేయగలరు.

జనవరి 16
దయగల డాక్టరు గారికి,
మూడు ప్రతులూ పంపుతున్నాను. పెద్దబాతులు లోపలే ఉన్నాయి, మిమ్మల్ని తిడుతూ. తొట్టిలో నీళ్లు గడ్డకట్టాయి. మీ ఇనస్పెక్టరు దాని మీద జారిపడి, లేచి, "ఏర్పాట్లు సంతృప్తికరం" అని రాసుకుని వెళ్లాడు.
ఈ వారం వచ్చినవాళ్లు: ఎవరైనా వస్తున్నారేమో చూడడానికి మీ మనుషులు, నాలుగుసార్లు. మేతలారీ డ్రైవరు, ఒకసారి. బార్నబాష్, రోజూ ఉదయం ఏడింటికి.
ఆరేళ్ల కిందట ఇదే జబ్బొస్తే మీ శాఖవాళ్లు నా మంద మొత్తాన్నీ చంపేశారు. ఖాళీ షెడ్లలో ఆ నిశ్శబ్దం భరించలేక రేడియో పెట్టుకుని ఊడ్చేదాన్ని. అందుకే మీరు చెప్పినవన్నీ చేస్తున్నాను, నవ్వొచ్చేవి కూడా.
ఇట్లు,
ఎటెల్కా

జనవరి 20
శ్రీమతి ఎటెల్కా గారికి,
ఈ బార్నబాష్ ఎవరు? ఇంటిపేరు లేదు, చిరునామా లేదు, వచ్చిన పని లేదు. గేటు దగ్గర బూట్లు మందునీళ్లలో ముంచుతున్నాడా?
ఇట్లు,
డా. హర్షాని
తా.క.: మా ఇనస్పెక్టరు జారిపడలేదు. తొట్టి లోతు కొలిచాడు.

జనవరి 24
దయగల డాక్టరు గారికి,
ఇంటిపేరు నాకేం తెలుసు? ఉత్తరాది నుంచి వచ్చినట్టున్నాడు. తిండి దొరికిన చోటే వాడి చిరునామా. షెడ్డు బయట నిలబడి మెడ చాచి లోపలి మావాళ్లతో కబుర్లు చెబుతాడు. బూట్లా? పుట్టాక ఒక్కసారీ వేసుకుని ఉండడు. గేటు సంగతి వాడికి పట్టదు. చీపురుతో తరిమినా మళ్లీ వస్తున్నాడు. మీరే ఏదో ఒకటి చేయాలి.
ఇట్లు,
ఎటెల్కా

జనవరి 27
శ్రీమతి ఎటెల్కా గారికి,
ఈ చలిలో కాళ్లకు ఏమీ లేని నిరాశ్రయుణ్ణి చీపురుతో తరుముతారా! మీ నుంచి ఇది ఆశించలేదు. సంక్షేమశాఖకు రాశాను. దుప్పటి, బూట్లు పంపుతున్నారు.
ఇట్లు,
డా. హర్షాని
తా.క.: అతడు సంతకం చేయలేకపోతే వేలిముద్ర తీసుకోండి.

జనవరి 30
డాక్టరు గారూ,
సంక్షేమశాఖ అమ్మాయి దుప్పటి, బూట్లు పట్టుకుని వచ్చింది. బార్నబాష్‌ను చూపించాను. "అయ్యో, ఈయనేనా అండీ?" అంది. ఆయన రెక్కలు విప్పుకుని శింకొ చెరువు వైపు ఎగిరిపోయాడు. వాడు అడవి పెద్దబాతు, బాబూ! అడవి పక్షులే జబ్బు మోసుకొస్తాయని కరపత్రం పంచింది మీరే కదా, నా ఉత్తరం చదవగానే అర్థమవుతుందనుకున్నాను. మీరు వేలిముద్ర అడిగారు.
నిన్నటి నుంచి ఐదో షెడ్డులో పదకొండు పక్షులు మేత ముట్టడం లేదు. ఇక వేళాకోళం చేసే ఓపిక లేదు. ఉత్తరం కాదు, మీరే రండి.
ఇట్లు,
ఎటెల్కా
తా.క.: బూట్లు నాకు సరిపోయాయి.

ఫిబ్రవరి 6
ఎటెల్కా గారికి,
ముందు అసలు సంగతి. మీ పదకొండింటికీ ఫ్లూ లేదు. మేత బూజు పట్టింది, మార్చండి. బార్నబాష్ రెట్ట కూడా పరీక్షించాం, వాడికీ ఏమీ లేదు.
జబ్బు మా ఇంట్లో తేలింది.
మా ఆవిడ పెరట్లో ఏడు కోళ్లను పెంచుతోంది. పక్షులున్న ప్రతి ఇల్లూ నమోదు చేయించుకోవాలని జిల్లా అంతటికీ నోటీసులిచ్చాను, మా ఇంటికి తప్ప. మీరు రమ్మన్నప్పుడు మీ దగ్గరికి శుభ్రంగా రావాలని, శింకొ ఫారానికి వెళ్లొచ్చిన కారును పెరట్లోనే కడిగాను. ఆ నీళ్లు కోళ్లు తాగాయి. మంగళవారం ఐదు చచ్చిపోయాయి. మిగతా రెండింటినీ నా చేత్తోనే చంపాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. "వాటికి పేర్లున్నాయి వెండెల్, నీకు తెలుసా?" అంది. తెలియదన్నాను. అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు.
ఇట్లు,
వెండెల్
తా.క.: మా ఇల్లు మీ ఫారానికి రెండున్నర కిలోమీటర్లే. కాబట్టి మీ పెద్దబాతులు ఇంకో నెల బయటికి రాకూడదు. ఉత్తర్వు జతచేశాను. కింద సంతకం నాది. "జబ్బు వ్యాపింపజేసినవారు" అన్న గడిలో పేరూ నాదే.