చెట్టు మీంచి పడని మనిషి

తరావా ఆసుపత్రి నుంచి

తమ్ముడు బ్వెరెయాకు,

నీకీ కార్డు రాయకూడదనే అనుకున్నాను. పాప రోతియా కోసం రాస్తున్నాను. కల్లు గీసేవాడికి నడుం నొప్పొస్తే, చెట్టు మీంచి పడి దాస్తున్నాడనే మన దీవి తీర్పు కదా! "సిగ్గెందుకన్నా, ఏ చెట్టో చెప్పు" అంటూ ఏడాదిపాటు వేడి కొబ్బరినూనె పోసి నా గూని మీద మోకాలు పెట్టి నొక్కావు. చివరికి చెట్టు కూడా నువ్వే తేల్చావు, చర్చి వెనకదని. అది గీసేది మన బావ, నేను కాదు. (ఇక్కడ కల్లంటే పంచదార నీళ్ళు. అది వేరే ఏడుపు.)

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "తాతా, అసలు జబ్బు నడుముది కాదు. ఊపిరితిత్తుల్లో క్షయ. అది వెన్నులోకి దిగి రెండు పూసల్ని తినేసింది. దీన్నిలా నొక్కిందెవరు?" అంది. నీ పేరు చెప్పలేదు. మందులకు క్షయ పోతుందట. చెట్టెక్కడం మాత్రం ఇక లేదట.

మనవరాలు రోతియా నా పక్కనే పడుకునేది. అదీ వంగి కూర్చుంటోందని, నువ్వు మర్దన మొదలెట్టావని పడవవాళ్ళు చెప్పారు. దాని వీపు మీద చెయ్యి వెయ్యకు. వచ్చే పడవకే ఇక్కడికి పంపు. ఆ నూనె నా గీతకత్తికి రాయి, తుప్పు పట్టకుండా. ఇంట్లో దగ్గు ఎవరికుంది? పిల్లలకు దీవెనలు, నీక్కూడా.

ఇందాక పక్క మంచానికి కొత్తగా వచ్చినతను నా నడుంకట్టు చూసి, "ఏ చెట్టు మీంచి పడ్డావు పెద్దాయనా?" అన్నాడు. చర్చి వెనకదని చెప్పాను.

మీ అన్న,
తెకినెనె