మెట్ల మీది బెగోనియాలు

బద్వేలు తాలూకా, రాచగుండ్ల
1954 జూన్ 8

పూజ్యుడైన అన్నకు,

చెల్లెలు సుబ్బలక్ష్మమ్మ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ, వదినా, పిల్లలూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ ఎవరెవరు ఎంత క్షేమమో కిందికి చదివేకొద్దీ నీకే తెలుస్తుంది. ముందే చివరి పేజీ తిప్పి చూడవద్దు. నీకు ఆ అలవాటు ఉంది.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు కోప్పడవద్దు. వదిన నడుము నొప్పికి నూనె అడిగావు. ఆముదంలో వావిలాకు వేసి కాచాను, సీసా బుట్టలో ఒక పక్కన ఉంది. గోరువెచ్చగా చేసి రుద్దమను. నీ పెద్ద మేనకోడలు చదువు గురించి అడిగావు. పాసైంది. మేనమామ దగ్గరికి బెంగుళూరు వస్తానని ఇప్పటినుంచే గొడవ చేస్తోంది. వానలు పడ్డాయా అని అడిగావు. లేదు. మబ్బులు లంకమల మీదికి వచ్చి, కొండ చుట్టూ తిరిగి, ఎటో పోతున్నాయి. ఊళ్లో బావులన్నీ అడుగంటాయి. నీళ్లున్నది మా తోటలోని మెట్లబావిలోనే. ఊరు ఊరంతా దాని మీదే బతుకుతోంది.

ఇక నువ్వు అసలు అడిగింది మొక్క సంగతి. పువ్వు ఏ రంగు వచ్చింది, ఆగస్టు పూల ప్రదర్శనకు ఎప్పుడు పంపుతావు, నీ పేరుతోనే పెట్టిస్తాను అని రాశావు. ఆ మాట చదివిన రోజున ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకొని పడుకున్నాను. కానీ దానికి ఒక్క మాటలో జవాబు రాయలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నువ్వు మా బావి చూసి చాలా ఏళ్లయింది. నీళ్ల దాకా కడప బండల మెట్లు, సగం మెట్ల మీద రాతి కమాను. కమాను కింద నడి వేసవిలో కూడా చెమ్మ ఆరదు. నీ దగ్గరినుంచి తెచ్చుకున్న ఎర్రపూల బెగోనియాలు ఇంటి ముందర వారం తిరగకుండా మాడిపోతే, మిగిలిన ఒక్క తొట్టిని విసుగు పుట్టి ఆ మెట్ల మీద పెట్టాను. అది అక్కడ పూసింది. ఆ తర్వాత నన్నీ బీ లంకమలకు కట్టెలకు పోయి, కోనలో రాళ్ల సందున బతికే అడవి బెగోనియా ఒకటి వేళ్లతో పెరికి తెచ్చి ఇచ్చింది. నన్నీ బీ అంటే సున్నం బట్టీ పీర్ బాషా భార్య. పూవు తెల్లగా, చిన్నగా ఉన్నా, వానలు పోయాక ఎండు రాతి మీద కూడా ప్రాణం నిలుపుకునే మొక్క అది. నీ పువ్వు రంగూ, దాని మొండితనమూ ఒకే మొక్కలో వస్తే మన ఎండకు నిలబడే బెగోనియా పుడుతుందని నాకు ఆశ పుట్టింది.

పోయిన వానాకాలంలో, పెళ్లికి ముందు నీ తోటలో నేర్చుకున్నట్టే, ఎర్రదాని మగపువ్వు పుప్పొడిని కుంచెతో తీసి కొండమొక్క ఆడపువ్వుకు అద్దాను. వేరే పుప్పొడి సోకకుండా పలచటి గుడ్డ కట్టాను. మూడు రెక్కల కాయ ఎండి, ముక్కుపొడి లాంటి విత్తనం రాలింది. ఊపిరి తగిలితే ఎగిరిపోతుందని నోటికి కొంగు కట్టుకొని చల్లాను. నలభై దాకా మొలకలు నిలిచాయి. వాటిలో ఎర్ర ఈనెల ఆకులతో అన్నిటికంటే ముందు మొగ్గ తొడిగినదాని గురించే నీకు పోయినసారి రాసింది.

ఏప్రిల్ చివర్లో మహానంది అని ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు సైకిలు మీద వచ్చాడు. నంద్యాల వైపు మనిషి, నెమ్మదస్తుడు. నారి కురుపు ఎవరెవరికి ఉందో ఇల్లిల్లూ తిరిగి చూశాడు. మా ఊళ్లో అది కొత్త కాదు కదా, ఏటా ఈ కాలానికి వీధికి ఇద్దరు ముగ్గురు కాలు చాపుకొని మంచం మీద ఉంటారు. పీర్ బాషాకు పోయిన ఏడాది మోకాలి దగ్గర వచ్చి సున్నం బట్టీ చల్లారిపోయింది. కురుపులోంచి దారంలాంటి పురుగు బయటపడే కాలుతో మనిషి మెట్లు దిగి నీళ్లలో నిలబడితే దాని పిల్లలు నీళ్లలో చేరతాయట. ఆ నీళ్లు తాగినవాళ్లకు మరుసటి ఏడాది ఇదే కాలానికి కురుపు లేస్తుందట. అందుకని మెట్లు రాళ్లతో పూడ్చి, చుట్టూ గోడ కట్టి, గిలకలు పెట్టి చేదుకోవాలని ఆయన చెప్పాడు. ఎవరూ నీళ్లలో కాలు పెట్టకపోతే ఒకటి రెండేళ్లలో ఊరికి ఆ పీడ పోతుందన్నాడు.

మీ బావ ఒప్పుకోలేదు. బావి తవ్వించింది వాళ్ల తాత. ఎవరో సైకిలు మీద వచ్చి దాన్ని మూయమంటే ఆయనకు తల తీసేసినట్టయింది. అయితే పదిమందిలో ఆ మాట అనలేడు కదా. ఆయనకు ఒక కారణం కావలసి వచ్చింది. నా తొట్లు కనిపించాయి.

"మా ఇంటామె ఏండ్ల తరబడి ఈ మెట్ల మీద చెట్లు పెంచుతాండాది. బెంగుళూరు ప్రదర్శనకు పోయే చెట్లు. మెట్లు పూడిస్తే వాటిని యాడ పెట్టుకోవాలప్పా?" అన్నాడు.

అన్నా, అన్ని ఏళ్లలో ఆయన ఒక్కసారి కూడా మెట్లు దిగి ఆ తొట్లను చూడలేదు. అయినా నలుగురి ముందు ఆ మాట విన్నప్పుడు నాకు సంతోషమే కలిగింది. నీ దగ్గర దాచడమెందుకు?

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. రెడ్డెమ్మ పూలచెట్ల కోసం ఊరి కాళ్లు కుళ్లాలా అని ఆడవాళ్లు కడవలు ముంచుకుంటూ నాకు వినబడేటట్టే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను మెట్లు దిగితే మాటలు ఆగిపోయేవి. ఒక పొద్దున పోయి చూస్తే కింది మెట్టు మీది తొట్లు నాలుగు నీళ్లలో పడి ఉన్నాయి. తోసిందెవరో ఈ రోజుకూ తెలియదు. మీ బావ మాత్రం ఇన్‌స్పెక్టరును ఇంటికి పిలిచి కూర్చోబెట్టిన పీర్ బాషా మీదే అనుమానం పెట్టుకున్నాడు. వాళ్ల ఇంటి కడవ బావిలో మునగరాదని చెప్పి, కమాను దగ్గర ఒక జీతగాణ్ణి కట్టెతో కూర్చోబెట్టాడు. ఆ ఎండల్లో నన్నీ బీ ఏటి ఇసుకలో చెలమ తోడుకొని, బురద నీళ్లు తేర్చుకొని తాగే గతి పట్టింది. నాకు కొండమొక్క తెచ్చిచ్చిన మనిషికి నా మొక్కల పేరు చెప్పి నీళ్లు లేకుండా చేశారు. నేను మీ బావతో రెండుసార్లు చెప్పిచూశాను. "నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు. ఊరుకున్నాను. మొగ్గ లావెక్కుతోంది, ఇంకో పది రోజులు గడిస్తే చాలు అనుకున్నాను.

పోయిన ఉత్తరంలో నేను బాగున్నానని రాశాను. అది నిజం కాదు. నిజం ఇప్పుడు చెబుతున్నాను, వదినకు మెల్లగా చెప్పు.

ఆ ఉత్తరం రాసేనాటికే నా ఎడమ చీలమండ మీద పొక్కు లేచింది. నారి కురుపే. ఎవరికీ చెప్పలేదు. చీర కుచ్చెళ్లు కిందికి దించి కట్టుకున్నాను. చెబితే నన్ను బావి దగ్గరికి పోనివ్వరు, మొక్కలకు నీళ్లు పోసేవాళ్లు లేరు. పైగా మీ బావ కనబడినవాళ్లందరితో మా ఇంట్లో ఎవరికీ రాలేదు, ఈ నీళ్లలో దోషం లేదు అని చెబుతున్నాడు. ఆయన మాటను నా కాలు అబద్ధం చేస్తోంది. పొక్కు పైన తడిగుడ్డతో ఒత్తుకుంటూ తిరిగాను. దాని మంట ఎట్లాంటిదో రాసి చెప్పలేను, అన్నా. నిప్పు కణిక లోపల పెట్టి కుట్టేసినట్టు ఉంటుంది. నీళ్లలో పెడితే తప్ప చల్లారదు. ఆ పురుగు బతికేదే అట్లా.

ఒక మధ్యాహ్నం జీతగాడు అన్నానికి పోయాడు. నేను మొక్కలకు నీళ్లు పోయడానికి దిగాను. కింది మెట్టు మీద నిలబడేసరికి ఆ చల్లదనానికి కాలు దానంతట అదే ముందుకు పోయింది. పాదం నీళ్ల మీద ఉంది, ఇంకా తగల్లేదు. ఎవరూ లేరు. ఒక్క నిమిషం పెట్టి తీస్తే ఏమవుతుంది అనుకున్నాను.

"అమ్మా, పెట్టొద్దు" అని పైనుంచి వినబడింది. నన్నీ బీ. బావి గట్టున ఖాళీ కడవతో నిలబడి ఉంది. జీతగాడు లేని సమయం చూసుకొని వచ్చింది కాబోలు. "నాకు ఎరుక, శానా సల్లగుంటాది. నాకు కురుపు లేసినప్పుడు నేనూ అట్లే పెట్టినా, ఎరగక. నువ్వు పెట్టొద్దు."

కాలు వెనక్కి తీసుకున్నాను. ఆమె అక్కడ తాగే హక్కు లేని మనిషి. ఆ నీళ్లు ఏమైతే ఆమెకేమి? నేను పొడి మెట్టు మీద కూర్చొని వంగి నా బిందె ముంచి, ఒక్కొక్క మెట్టే ఎక్కి పోయి ఆమె కడవలో పోశాను. పోయేటప్పుడు ఆమె నా కాలి వైపు చూసి, "ఇంట్లో జెప్పినావా?" అంది. లేదన్నాను.

ఆ మరుసటి రోజే ఇన్‌స్పెక్టరు తాలూకా నుంచి పై అధికారిని వెంటబెట్టుకొని వచ్చాడు. బావి దగ్గర మగవాళ్లంతా చేరారు. నేను కమాను పక్కన గోడ చాటున నిలబడి వింటున్నాను. మాట పెరిగింది. పీర్ బాషా ఏదో అనబోతే మీ బావ వాని వైపు రెండడుగులు వేశాడు, మనుషులు మధ్యలో అడ్డం పడ్డారు. చేతులు లేస్తాయేమో అనుకున్నాను. అప్పుడు మీ బావ అధికారి వైపు తిరిగి అడిగాడు.

"మేమూ ఈ నీళ్లే తాగుతాండాము గదప్పా. మా ఇంట్లో ఒక్కరికన్నా వచ్చిండాదా? వచ్చింటే సూపీ, ఈ పొద్దే పూడుస్తా."

నేను ఆలోచించి పోలేదు. ఆలోచించి ఉంటే పోయేదాన్ని కాదు. గోడ చాటునుంచి బయటికి వచ్చి, అంతమంది మగవాళ్ల ముందు కుచ్చెళ్లు చీలమండ దాకా ఎత్తి, కాలు బండ మీద పెట్టాను.

"నాకు వచ్చిండాది" అన్నాను.

ఇన్‌స్పెక్టరు నా కాలు చూడకుండా తల దించుకున్నాడు. మీ బావ మాత్రం చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత భుజం మీది కండువా తీసి దులిపి వేసుకొని ఇంటికి నడిచిపోయాడు. జీతగాడు కట్టె పట్టుకొని ఏం చేయాలో తెలియక నా వైపు చూశాడు. వాణ్ణి ఇంటికి పొమ్మన్నాను.

పూడ్చమని ఆయన నోటితో చెప్పలేదు. కానీ మరునాడు రాళ్ల బండ్లు వచ్చినప్పుడు వద్దనలేదు. తొట్లు పైకి తేవడానికి నా కాలు లేవలేదు. నన్నీ బీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఒక్కొక్కటే ఎత్తుకొచ్చి వెనక పంచలో పెట్టారు. నా గురించి బావి దగ్గర ఆ మాటలన్నవాళ్లలో ఒకామె కూడా వచ్చింది. పంచ చుట్టూ తడి గోనెలు కట్టించాను. ఇన్‌స్పెక్టరు నా కాలి నుంచి బయటపడిన పురుగు కొసను సన్న పుల్లకు చుట్టాడు. రోజుకు కొంచెం కొంచెం చుట్టాలి, తొందరపడి లాగితే తెగుతుంది, తెగితే కాలంతా చీము పడుతుంది, కదలకుండా పడుకోమన్నాడు.

నేను మంచం ఎక్కిన మూడోనాడు మొగ్గ విచ్చుకుంది. నన్నీ బీ తొట్టిని తెచ్చి నా తల దగ్గర కిటికీలో పెట్టింది. నీ ఎరుపు కాదు, కొండమొక్క తెలుపూ కాదు. బాగా పండిన జామకాయ లోపలి రంగు, అంచుకు పోయేకొద్దీ ఇంకా లేత. ఒక పూట చూశాను. మధ్యాహ్నం వడగాలి కొట్టింది, గోనెలు నిమిషాల్లో ఆరిపోయాయి. పొద్దు వాలేసరికి ఆకులన్నీ తొడిమల దగ్గర వేలాడిపోయి, పువ్వు కిటికీ బండ మీద రాలి ఉంది. గట్టిగా ఏడిస్తే కాలు కదులుతుందని ఏడవలేదు.

మిగిలినవీ ఒకదాని వెంట ఒకటి పోయాయి. పొద్దున లేచి ఈ రోజు పోయినవేవి అని నేను అడగడం, పేరు లేని ఆ మొక్కలను నీ కోడలు వేలితో చూపించడం, అదే పని. నా చేతులతో మొలిపించినవన్నీ మంచం మీదినుంచి చూస్తుండగా మాడిపోయాయి.

ఒక్కటి మాత్రం పోలేదు. అన్నిటికంటే ఆలస్యంగా మొలిచి, ఎదుగు లేక గిడసబారి ఉన్నదని తొట్లు చాలనప్పుడు పారేద్దామనుకున్న మొక్క. ఆకు దళసరిగా, అడుగున నూగుతో ఉంటుంది. చోటు లేక దాన్ని పంచ కొసన, పడమటి ఎండ తగిలేచోట పెట్టారు. మొదట రెండాకుల అంచులు కాలాయి. తర్వాత నిలబడింది. ఈ వడగాలుల్లోనే కొత్త ఆకు వేసింది, ఇప్పుడు ఇంకొకటి వేస్తోంది. మొగ్గ ఇంకా లేదు.

కాబట్టి నువ్వు అడిగినవాటికి జవాబు ఇది. ఆగస్టుకు నా దగ్గరినుంచి ఏమీ రాదు. ఈ మొక్క ఏ రంగు పూస్తుందో నాకు తెలియదు. అసలు పూస్తుందో లేదో కూడా తెలియదు. దాని ఆకులు మూడింటిని తొడిమలతో కోసి, తడి కొబ్బరిపీచులో చుట్టి బుట్టలో పంపుతున్నాను. ఇక్కడ ఉన్నది ఒక్కటే, ఏమైనా అయితే మళ్లీ పుట్టించలేను. ఈనెలు కోసి ఇసుక మీద పరుచు. పిలకలు వచ్చాక నీ నీడ పందిరి కింద మాత్రం పెట్టవద్దు, ఎండలోనే పెంచు. చస్తే చచ్చిందని రాయి.

ఇప్పుడు బావికి గోడ, రెండు గిలకలు. కాలు బండ మీద పెట్టిన నాటినుంచి మీ బావ నాతో మాట్లాడలేదు. అన్నం నీ కోడలు పెడితే తిని లేచిపోతాడు. నన్నీ బీ మొదటిసారి చేదకు వచ్చిన రోజు ఆయన అక్కడే అరుగు మీద ఉన్నాడట. ఆమె తాడు పట్టుకొని ఆగిందట. ఆయన తల తిప్పుకొని ఉండిపోయాడట. ఆమె చేదుకొని పోయింది.

నిన్న మంచం మీద కూర్చొని ఆకులు చుడుతూ, ఈ బుట్టను ఎవరి చేత పంపాలా అని నీ కోడలితో అంటున్నాను. మీ బావ గడపలో వచ్చి నిలబడ్డాడు.

"నేను పోతాండా బెంగుళూరుకు" అన్నాడు. నేను చేతిలో పని ఆపాను. బుట్ట వైపు చూసి, "దోవలో ఎండ తగలొచ్చునా?" అని అడిగాడు.

"తగలగూడదు. కడపలో రైలెక్కే ముందర ఒకసారి నీళ్లు చిలకరించాల" అన్నాను.

సరేనని తల ఊపి పోయాడు. ఇన్ని రోజులకు మేము మాట్లాడుకున్నది ఇంతే.

ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను, అంటించి. చదివాక బావి సంగతి గానీ నా కాలి సంగతి గానీ ఆయన ముందు ఎత్తవద్దు. భోజనం పెట్టి, తోటలోకి తీసుకుపో. ఆ మూడు ఆకుల్లో రెండు నువ్వు కొయ్యి. మూడోది ఆయన చేతికిచ్చి, ఈనె ఎక్కడ కోయాలో చూపించు.

ఇట్లు,
నీ చెల్లెలు
సుబ్బులు