లోయలోకి నీళ్లొచ్చిన రోజు

మార్చి 9, సాయంత్రం ఆరు

బతికే ఉన్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి.

మార్చి 10

నిద్ర లేదు. రాసేస్తే తగ్గుతుందేమో.

నిన్న ఆరుగురు టూరిస్టులతో లోయలోకి దిగాను. పన్నెండేళ్లుగా గైడుగా దిగుతున్న లోయే. ఎండలు మండే మా పిల్బరా ప్రాంతం మొత్తంలో ఈ ఎర్రరాతి గోడల మధ్య ఉన్నంత చల్లదనం ఇంకెక్కడా లేదని అందరికీ చెప్తుంటాను. పైన ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎగువన ఎక్కడో కురిసిందని మాకెవరికీ తెలియదు. ముందు తడిమట్టి వాసన. తర్వాత లారీ వస్తున్నట్టు చప్పుడు.

"ఎక్కండి!" అని అరిచాను.

అరిచి, అందరికంటే ముందు నేనే ఎక్కాను.

పైకెక్కే నిచ్చెన దగ్గర టూరిస్టుల్లో ఒకావిడ, బెరిల్ ఉంది. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్లకి జీవితమంతా వండి పెట్టింది. ఆవిడ చెయ్యి మెట్టు మీద ఉంది. దాని మీదే కాలేశాను. బూటు కింద వేళ్లు తెలిశాయి. ఆగలేదు.

మిగతావాళ్లు పక్క రాళ్ల మీదుగా పాకారు. ఇద్దరు వెనక్కి దిగి ఆవిడ్ని చంకల్లో చేతులేసి లాగారు. అప్పటికే నడుము దాకా నీళ్లు.

మార్చి 11

మా టూర్ల ఓనరు క్లైవ్ కేకు తెచ్చాడు. "నువ్వు అరవకపోతే శవాలు మోసేవాళ్లం, లియోనీ" అన్నాడు. పేపరువాళ్లు నా ఫోటో అడిగారట. కేకు మింగుడు పడలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాను. బెరిల్ చెప్పేసి ఉంటుందా?

మార్చి 14

బెరిల్ ఇంకా ఎవరికీ చెప్పలేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

మార్చి 16

బెరిల్‌ని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లాను. గుమ్మం దాకా వెళ్లి రెండుసార్లు కారు దగ్గరికి తిరిగొచ్చాను. మూడోసారి లోపలికెళ్తే ఆవిడ కుడిచేతికి కట్టుతో, ఎడంచేత్తో జెల్లీ తింటోంది.

"వచ్చావా? బాగా బరువున్నావే నువ్వు" అంది.

ఏడ్చేశాను. క్షమించమన్నాను.

"ఊరుకో అమ్మాయ్. నీ మోకాళ్లు నాకుంటే నేనే నిన్ను తొక్కుకుంటూ పోయేదాన్ని."

"ఎవరికైనా చెప్పారా?"

"అది నా పని కాదు. నీది."

మార్చి 17

క్లైవ్‌కి చెప్పాను. "ఈ సీజన్ ఆఫీసులో కూర్చో" అన్నాడు. చెప్తే భయం పోతుందనుకున్నాను. ఇప్పుడు మనుషుల మొహాలకి కూడా భయపడుతున్నాను.

ఏప్రిల్ 20

లోయ మళ్లీ తెరిచారు. పార్కింగ్ దాకా వెళ్లి, కారు దిగకుండానే వచ్చేశాను. ఇంట్లో కుళాయి చప్పుడు కూడా భరించలేకపోతున్నాను.

మే 3

బెరిల్ ఫోన్ చేసింది. "కట్టు తీసేశారు. లోయ అడుగున కొలను ఉందంటగా, దానికోసమే అంత దూరం వచ్చా. చూడనే లేదు. ఎవరు చూపిస్తారు?"

కొత్త గైడున్నాడు, మంచివాడని చెప్పాను.

"వాడు నాకు తెలీదు. నీ బూట్లయితే తెలుసు."

మే 11, పొద్దున ఏడు

ఎగువన వాన లేదు. వాతావరణ రిపోర్టు మూడుసార్లు చూశాను. బెరిల్ గట్టు మీద, నిచ్చెన పైకొస పక్కన నిలబడి ఉంది. నేను ఇంకా కారులోనే కూర్చుని రాస్తున్నాను.

"ఏంటే, రావా?" అని కేకేస్తోంది.

వెళ్తున్నాను.