పోస్టు బిళ్ల మీది గొర్లకాపరి

పటాన్‌చెరువు,
ఫిబ్రవరి 1974.

మా అన్న మల్లన్నకు తమ్ముడు వెంకటేశం దండం పెట్టి రాసేది.

బాగున్నామని రాయడం అలవాటు. ఈసారి రాయను. బడి పంతులు గారు దీన్ని నీకు నిదానంగా చదివి వినిపించాలి.

ఉత్తరంలో ఒక పోస్టు బిళ్ల పెట్టాను. మా కార్ఖానా స్టోర్సులో పనిచేసే భీమశంకరం గారి బావమరిది ఓడ మీద ఉద్యోగి. ఆయన రాసిన ఉత్తరం మీద అది వచ్చింది. భూమి చివర ఉండే మంచు దేశానికి ఎవరో వెళ్లివచ్చిన జ్ఞాపకంగా అచ్చు వేశారట. మధ్యాహ్నం తిండి దగ్గర అందరికీ చూపించారు. మంచులో ఒక మనిషి, ఒంటి మీద బొచ్చు కోటు, తల మీద కొప్పెర లాంటి టోపీ. చుట్టూ తెల్ల పొట్ట, నల్ల వీపు ఉన్న జీవాలు గుంపుగా నిలబడి ఉన్నాయి. వానలో గొంగడిని తల మీదికి మడిచి కొప్పెర పెట్టుకొని మంద మధ్య నిలబడ్డ నువ్వే కనిపించావు.

"మా అన్న లెక్కనే ఉన్నడు. గొర్లు గూడ మంచిగున్నయి" అన్నాను.

"గొర్రెలేంటయ్యా, అవి పక్షులు. ఎగరలేవు, అంతే" అన్నారు భీమశంకరం గారు.

నా పక్కన పనిచేసే లింగం ఒప్పుకోలేదు. "ఎగరకుంటే ఇగ పిట్టలెట్లయితయి సారూ? మా వెంకటేశం చెప్పిందే నిజం. గని గా కోటు మన పొయ్యి కాడి కోటే. ఆయన సలికి తొడిగిండు, మనం సెగకు తొడిగినం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజంతా నన్ను గొర్ల సారు అని పిలిచారు. సాయంత్రం ఆ బిళ్లను నీ కోసం అడిగి తీసుకున్నాను.

ఆ కోటు సంగతి నీకెప్పుడూ రాయలేదు. ఇనుము కరిగే పొయ్యి ముందు నిలబడేవాళ్లకు ఇస్తారు. మెడ నుంచి మోకాళ్ల దాకా మందపు గుడ్డ. లోపల మనిషి ఉడుకుతాడు. ఇంటికొచ్చాక అన్నం సయించదు. చేతుల మీద వెంట్రుకలు కాలిపోయి మళ్లీ రావడం మానేశాయి. సాయంత్రమైతే ఎడమ కన్ను మసక. నీ మరదలు రాధమ్మ చూసి చూసి, "బావతోని గొర్లు కాసినప్పుడు గిట్ల లేవు. ఆడికే పోదాం పా. ఆకలైనా నీడకు కూసుంటవు" అన్నది.

మన ఊరి బీడు ఫ్యాక్టరీలకు పోయినప్పుడు నువ్వు మందను నారాయణఖేడు వైపు తోలుకొని పోయావు, నేను గేటు లోపలికి పోయాను. మందను పంచుకోవద్దని నాయన పోయేముందు అన్నాడు. పంచుకోలేదు. నా సగం ఇంకా నీ దగ్గరే ఉంది. ఉగాది కాగానే రాజీనామా ఇచ్చి ఇద్దరం వచ్చేస్తాం. నువ్వు వద్దంటే తప్ప ఆగను.

నీ తమ్ముడు,
వెంకటేశం


నారాయణఖేడు,
మార్చి 1974.

తమ్మీ వెంకటేశం,

నేను చెప్తున్న, పంతులు రాస్తున్నడు. సక్కజేసి రాయకు, నేనన్నట్టే రాయమన్న.

బిళ్ల జూసిన. గది నేనే అన్నవట. పంతులు నవ్విండు. నాకు నవ్వు రాలే.

నువ్వు రావద్దు. కోపం తెచ్చుకోకు, సాంతం విను. మంద లేదు. మొన్న వానకాలం రోగమొచ్చి పడ్డది పడ్డట్టే పోయినయి. గోతులు తవ్వి తవ్వి చేతులు పుండ్లయినయి. మిగిలినయి గూడ పోతయేమోనని అంగడికి తోలిన. నీ సగం, నా సగం అని లేదు, అంత పోయింది. నేనిప్పుడు పటేలు మంద కాడ జీతానికి ఉన్న. ప్రతి ఉత్తరంల గొర్లు మంచిగున్నయని రాయించిన గద, అవి పటేలు గొర్లు. గది అబద్ధం గాదని పంతులుకు చెప్పిన. ఆయన అట్లనే రాసిండు.

ఎందుకు దాచినవంటవు. పొయ్యి ముందర నిలవడ్డోనికి ఎనక మంద ఉన్నదన్న ధైర్నం ఉండనీ అనుకున్న. గా ధైర్నమే నిన్ను గేటు బయటికి తెస్తదని నాకేం ఎరుక.

రాజీనామా ఇయ్యకు. ఇచ్చినవా, పోయి వాపస్ అడుగు, సిగ్గుపడకు. కన్ను డాక్టరుకు చూపియ్యి. రాధమ్మకు నా మాటగ చెప్పు, నేనే రావద్దన్ననని.

ఇంకొకటి ఉన్నది. చెప్పాల్నా వద్దా అని పంతులును ఆపి కూసోబెట్టిన. పటేలు కొడుకు ఈ మంద గూడ అమ్ముతడట. అమ్మితే నాకు ఈడ పని లేదు. ఆడ మీ పొయ్యి కాడ ఇంకొక మనిషి కావాల్నేమో అడుగు. సెగ సంగతి నువ్వు రాసింది విన్న, ఇనే అడుగుతున్న. జల్దీ రాయి.

వాళ్లు వయసడిగితే జెర తగ్గించి చెప్పు.

మీ అన్న
మల్లన్న వేలిముద్ర